ఇంటితో ప్రయాణం, ఓడపై పాఠం

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. ఉర్దూలో 'సఫర్' అన్నా, తెలుగులో 'యాత్ర' అన్నా ఆ మాట వెనుక ఉన్న భావం ఒక్కటే. ఇల్లు విడిచి, తెలియని వారి మధ్యకు వెళ్లి, వెళ్లినవాడు కొంత మారి తిరిగి రావడమే యాత్ర. అయితే ఇల్లు విడువకుండా, ఇంటినే వెంటబెట్టుకొని దేశాలు తిరిగే పద్ధతి ఒకటి ఐరోపా ఖండంలో బాగా వ్యాపించి ఉన్నది. దానికి సాధనం కాంపర్ వ్యాన్. అది నిజంగా యాత్ర అనిపించుకొంటుందా, లేక ఇంటిలోనే కూర్చుండి కిటికీలో దృశ్యం మార్చుకొనడమా? 2023 వేసవిలో బాల్టిక్ సముద్ర తీర దేశాలలో రెండు వారాలపాటు ఇట్టి వాహనంలో తిరిగినప్పుడు ఈ ప్రశ్న మమ్ములను వెంటాడినది. మాకు దొరికిన సమాధానాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గం వారి ముందు ఉంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

కాంపర్ వ్యాన్ అనగా చక్రాల మీద కట్టిన చిన్న ఇల్లు. జర్మనీలో ఫోక్స్‌వాగన్ సంస్థ 1950లో తయారు చేయుట ప్రారంభించిన చిన్న బస్సులో వంట సామగ్రి, మడత పరుపులు అమర్చి అమ్మడంతో ఈ వాహనానికి జనాదరణ పెరిగినది. ఫిన్లాండులో స్థిరపడిన మా బాల్యమిత్రుని వ్యాను కూడా అట్టిదే. రెండు పొయ్యిలు, ఒక గ్యాస్ సిలిండరు, నీళ్ల తొట్టి, రాత్రి పరుపుగా మారే బల్ల అందులో ఉన్నవి. మా వంతుగా మేము బియ్యం, కందిపప్పు, చింతపండు, రెండు జాడీల ఆవకాయ చేర్చాము. హోటలు గదితో పని లేదు, అన్నం కొరకు వెదుకులాట లేదు. నత్త తన గుల్లను మోసుకొని పోయినట్లు మా ఇంటిని మేమే మోసుకొని పోతున్నామని మొదటి రోజున ఎంతో గర్వపడ్డాము.

హెల్సింకీ రేవు నుండి ఎస్టోనియా రాజధాని టాలిన్‌కు సముద్రంపై దూరం సుమారు 80 కిలోమీటర్లు. పెద్ద ఫెర్రీ ఓడ దానిని సుమారు రెండు గంటలలో దాటుతుంది. కృష్ణా నదిపై బల్లకట్టును చూచినవారికి దీని స్వరూపం సులభంగా బోధపడుతుంది. బండ్లనూ జీపులనూ బల్లకట్టు మీదికి ఎక్కించి ఆవలి ఒడ్డుకు చేర్చినట్లే, ఇక్కడ ఓడ తన ముఖద్వారం తెరచి లారీలను, కార్లను, మావంటి వారి ఇంటి బండ్లను కడుపులో దాచుకొంటుంది. టిక్కెట్టు కొనేటప్పుడే వాహనం పొడవు, ఎత్తు చెప్పవలె. రేవులో గీతలు గీసిన వరుసలలో నిలిపి, సైగ చేసినప్పుడు లోనికి నడపవలె. గ్యాస్ సిలిండరు మూయవలె, చేతి బ్రేకు వేయవలె, ముందు బండికి ఆనినంత దగ్గరగా ఆపవలె.

ఇంతవరకు బాగుగానే ఉన్నది. తెల్లవారుజామున లేచిన అలసట వలన, ఆ రెండు గంటలు మా పరుపుల మీదనే నిద్రపోదామని నిశ్చయించుకొన్నాము. తలుపు వేసుకొన్నాము. ఇంతలో ఓడ సిబ్బందిలో ఒకాయన వచ్చి అద్దం మీద తట్టి, వాహనం దిగి పైకి పోవలసినదిగా సెలవిచ్చాడు. ఇది మా ఇల్లే కదా అని మిత్రుడు నవ్వుతూ అన్నాడు. ఆయన నవ్వలేదు. ఓడ కదలక ముందే ఈ అంతస్తులో ఒక్క మనిషి కూడా మిగలకూడదని, అది నియమమని, అంతస్తు సంఖ్య గుర్తుంచుకొని మెట్లెక్కుమని మర్యాదగా, గట్టిగా చెప్పాడు. మాకు కొంత కోపం వచ్చిన మాట నిజం. తాళం వేసి, సణుగుతూ మెట్లెక్కాము.

ఆ కోపం ఎంత తెలివితక్కువదో టాలిన్‌లో దిగిన తరువాత తెలిసినది. పాత నగరం సముద్ర ద్వారం వద్ద, లావైన గుండ్రని బురుజు పక్కన, మధ్యలో తెగిపోయిన నల్లని వంపు ఒకటి నిలిచి ఉన్నది. దాని పేరు 'తెగిన గీత'. 1994 సెప్టెంబరు 28 తెల్లవారుజామున టాలిన్ నుండి స్టాక్‌హోమ్‌కు పోతున్న 'ఎస్టోనియా' అనే ఫెర్రీ ఓడ తుఫానులో మునిగిపోయినది. అందులో ఉన్న 989 మందిలో 852 మంది మరణించారు. బ్రతికి బయటపడినవారు 137 మంది మాత్రమే. ఓడ ముందు భాగంలో పైకి లేచే ఇనుప ముఖకవచం గడియలు అలల తాకిడికి విరిగిపోయి, వాహనాల అంతస్తులోనికి నీరు చొరబడినది. వాహనాల అంతస్తు అడ్డుగోడలు లేని పొడవైన శాల వంటిది. అందులో చేరిన నీరు ఒక పక్కకు పరుగెత్తి ఓడను ఒరగదీస్తుంది. ఒక గంట గడవకముందే అంత పెద్ద ఓడ కనబడకుండా పోయినది. వాహనాల అంతస్తులో కొంత నీరు చేరినా ఓడ నిలదొక్కుకొనగలగాలని ఉత్తర ఐరోపా దేశాలు 1996లో స్టాక్‌హోమ్‌లో ఒప్పందం చేసుకొన్నవి. ఆ స్మారకం ముందు నిలుచున్నప్పుడు, అద్దం మీద తట్టిన ఆ చేతికి మనసులోనే కృతజ్ఞత చెప్పుకొన్నాము. మన సుఖానికి అడ్డు వచ్చే నియమాలలో కొన్ని ఎవరో ప్రాణాలు ఇచ్చి నేర్పిన పాఠాలని గ్రహించాము.

అయితే ఆ నియమం మాకు చేసిన మేలు భద్రతతో ఆగలేదు. బలవంతాన మెట్లెక్కించినందువలననే మేము మనుషుల మధ్య పడ్డాము. ఫిన్లాండులో వారమంతా భవన నిర్మాణ పనులు చేసి ఇంటికి తిరిగి పోతున్న ఎస్టోనియా కార్మికులు, లారీ డ్రైవర్లు, పిల్లలను సముదాయిస్తున్న తల్లులు, చౌకగా సరుకులు కొనుటకు పోతున్న ఫిన్లాండు వృద్ధులు అక్కడ ఉన్నారు. ఖాళీ కుర్చీ ఒక్కచోటనే దొరికినది. దాని పక్కన డెబ్బై ఏళ్ల ఎస్టోనియా పెద్దమనిషి కూర్చొని ఉన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆయనే మమ్ములను పలుకరించాడు.

ఆయన పుట్టినది ఉత్తర తీరంలోని ఒక చేపల పల్లె. ఇంటి గడప నుండి సముద్రం కనబడేదట. కానీ చిన్నతనంలో అనుమతి లేకుండా అందులో పడవ వేయుటకు వీలు లేదు. సోవియట్ పాలనలో ఆ తీరమంతా సరిహద్దు మండలం. సారెమా, హియుమా దీవులకు పోవలెనన్నా ప్రత్యేక అనుమతి పత్రం కావలసినదే. సాయంకాలం సైనికులు వచ్చి ఒడ్డున ఇసుకను దంతెతో చదును చేసేవారట, రాత్రివేళ ఎవరి అడుగులైనా పడినవో లేదో ఉదయం చూచుటకు! ఫిన్లాండు టెలివిజన్ ప్రసారాలు మాత్రం ఆ తీరానికి అందేవి. వాటిని చూచి తాను ఫిన్నిష్ భాష నేర్చుకొన్నానని ఆయన చెప్పాడు. బొమ్మలు సముద్రం దాటి రాగలిగేవి గాని, మనుషులు దాటి పోలేకపోయేవారు. ఈ ఓడను మొదటిసారి ఎక్కేనాటికి ఆయనకు 38 ఏళ్లు. ఇప్పుడు హెల్సింకీలో ఉన్న మనుమని చూచి వస్తున్నాడు. ఇంతమాత్రమే చెప్పి, జేబులో నుండి పాల బిళ్లలు తీసి మాకు ఒక్కొక్కటి ఇచ్చాడు.

ఆ 80 కిలోమీటర్ల నీటికి ఎంత చరిత్ర ఉన్నదో అప్పుడు గాని మా బుద్ధికి ఎక్కలేదు. 1939 ఆగస్టు 23న జర్మనీ, సోవియట్ ప్రభుత్వాలు చేసుకొన్న రహస్య ఒప్పందం ఈ చిన్న దేశాల తలరాతను వ్రాసినది. 1940లో ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాలు స్వాతంత్ర్యం కోల్పోయినవి. 1944 శరత్కాలంలో పదుల వేల మంది ఎస్టోనియా ప్రజలు చేపల పడవలలో ప్రాణాలు అరచేత పట్టుకొని పడమటి దిశకు పారిపోయారు. 1965లో హెల్సింకీ, టాలిన్‌ల మధ్య ప్రయాణికుల ఓడ తిరిగి మొదలైనను, అది ముఖ్యంగా ఫిన్లాండు వారు వచ్చి పోవుటకే పనికి వచ్చినది. 1989 ఆగస్టు 23న, ఆ రహస్య ఒప్పందానికి 50 ఏళ్లు నిండిన దినాన, టాలిన్ నుండి రీగా మీదుగా విల్నియస్ వరకు 600 కిలోమీటర్లకు పైగా సుమారు 20 లక్షల మంది చేయి చేయి పట్టుకొని నిలిచారు. 1991లో స్వాతంత్ర్యం స్థిరపడినది. 2004లో మూడు దేశాలు ఐరోపా సమాఖ్యలో చేరినవి. 2007 డిసెంబరు 21న షెంగెన్ ఏర్పాటులో ప్రవేశించుటతో సరిహద్దు తనిఖీలు తొలగినవి. మా వ్యాను ఎవరూ ఆపకుండా ఓడ దిగి టాలిన్ వీధులలో ప్రవేశించినదంటే, ఆ సౌకర్యం మేము టిక్కెట్టుతో కొన్నది కాదు. ఆ జనం నిలబడి సంపాదించినది.

టాలిన్ నుండి తీరం వెంబడి రీగాకు సుమారు 310 కిలోమీటర్లు. పైను చెట్ల అడవి మధ్య రోడ్డు సాగుతుంది. ఎస్టోనియా దాటి లాట్వియాలో అడుగు పెట్టగానే ఐనాజీ అనే చిన్న పట్టణం వస్తుంది. అక్కడ 1864లో క్రిష్యానిస్ వాల్దెమార్స్ అనే లాట్వియా విద్యావేత్త చొరవతో నావికా పాఠశాల ఒకటి వెలసినది. నేడు అది ప్రదర్శనశాల. జీతం కట్టనక్కరలేకుండా రైతుల పిల్లలకు సముద్రయాన విద్య నేర్పిన ఆ పాఠశాలలో లాట్వియా పిల్లలు, ఎస్టోనియా పిల్లలు తమ తమ భాషలలో చదువుకొన్నారు. ఆ రెండు భాషలకు చుట్టరికం లేదు. ఒకటి ఇండో-యూరోపియన్ కుటుంబానిది, రెండవది ఫిన్నిష్‌కు దగ్గరి బంధువు. అయినను దిక్సూచి ఇద్దరికీ ఒక్కటే, నక్షత్రాలూ ఒక్కటే. రెండు భాషల విద్యార్థులు చదివే కళాశాల నుండి వెళ్లిన మేము ఆ చిన్న భవనం ముందు చాలాసేపు నిలుచుండిపోయాము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తాము. కాంపర్ వ్యాన్ ప్రయాణంలో సుఖం ఉన్నది, స్వేచ్ఛ ఉన్నది. దానితోపాటు ఒక దోషమూ ఉన్నది. ఇంటిని వెంట తీసుకొని పోయేవాడు ఎవరి ఇంటి తలుపూ తట్టడు. తన బియ్యం తాను వండుకొని, తన నీరు తాను త్రాగి, ఊరివారి నుండి ఒక ముల్లంగి కూడా కొనకుండా, ఊరికి చెత్తను మాత్రమే విడిచి పోవచ్చును. మొదటి నాలుగు రోజులు మేమును అటులనే గడిపామని సిగ్గుపడుతూ ఒప్పుకొంటున్నాము. ఓడలోని ఆ పెద్దమనిషి తప్ప ఆ నాలుగు రోజులలో మేము మాట్లాడిన ఎస్టోనియా వారు పెట్రోలు బంకు ఉద్యోగులు మాత్రమే!

ఫిన్లాండు, స్వీడన్ దేశాలలో 'ప్రతి మనిషి హక్కు' అనే ఉత్తమ సంప్రదాయం ఉన్నది. ఇతరుల భూమి అయినను హాని చేయకుండా నడచిపోవచ్చు, అడవి పండ్లు కోసుకొనవచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకొనవచ్చు. అయితే ఆ హక్కు కాళ్లకే గాని చక్రాలకు లేదు. మోటారు వాహనం రోడ్డు విడిచి పోవలెనంటే భూమి యజమాని అనుమతి కావలె. ఎస్టోనియాలో ప్రభుత్వ అటవీ సంస్థ అడవులలో ఉచిత మజిలీలు ఏర్పాటు చేసినది. నెగళ్లకు తావు, బల్లలు అక్కడ ఉంటవి. ఉచితం గదా అని వాడుకొని, పాడుచేసి పోయేవారిని మేము చూచాము. ఏరు దాటే వరకు ఓడ మల్లన్న, ఏరు దాటిన తరువాత బోడి మల్లన్న అనే మన సామెత ఇట్టివారి కొరకే పుట్టినది కాబోలు.

ఆ సముద్రం కూడా సున్నితమైనదే. బాల్టిక్ సగటు లోతు 55 మీటర్లు మాత్రమే. ఇరుకైన జలసంధుల ద్వారా తప్ప మహాసముద్రంతో దానికి సంబంధం లేదు. అందులో పడిన మలినం దశాబ్దాల తరబడి అందులోనే తిరుగుతూ ఉంటుంది. 1974లో, ఐరోపా రెండు శిబిరాలుగా చీలి ఉన్న రోజులలోనే, దాని తీరంలోని ఏడు దేశాలు ఈ సముద్ర రక్షణ కొరకు హెల్సింకీలో ఒక ఒప్పందం మీద సంతకాలు చేసినవి. ఇసుకను దంతెతో చదును చేయించిన ప్రభుత్వమూ అందులో ఒకటి. మనుషులను దాటనీయని సరిహద్దులు మురికిని ఆపలేవని ఆ ప్రభుత్వాలు సహితం ఒప్పుకొనవలసి వచ్చినది.

మాకు ఎదురయ్యే ఆక్షేపణలు మాకు తెలియకపోలేదు. ఇది ధనవంతుల విలాసమని కొందరు అంటారు. అందులో నిజం లేకపోలేదు. మిత్రుని వాహనం లేకపోతే మాకు కూడా ఈ ప్రయాణం సాధ్యమయ్యేది కాదు. సరిహద్దులు తొలగినవని మీరు పొగడుచున్నారు గాని, అవి ఎవరికి తొలగినవని మరికొందరు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. మన పాస్‌పోర్టు గలవారు షెంగెన్ వీసా కొరకు కాగితాల కట్టలు సమర్పించి, వ్రేలిముద్రలు ఇచ్చి వేచి ఉండవలసినదే. అది చేతికి వచ్చిన తరువాత మాత్రమే 180 దినాలలో 90 దినాలకు మించకుండా ఆ దేశాలన్నిటిలో తిరుగవచ్చు. తెరచిన తలుపులు మూతపడవన్న హామీ కూడా లేదు. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా అవే సరిహద్దులు తిరిగి మూతపడినవి. మే 15న మూడు బాల్టిక్ దేశాలు తమ మధ్య రాకపోకలను పునరుద్ధరించుకొన్నవి. కనుక తెరచి ఉన్న రేవును ప్రకృతి ఇచ్చిన వరంగా భావించరాదు. దానిని ప్రతి తరం వారు కాపాడుకొనవలసి ఉన్నది.

ఈ ఆక్షేపణలను అంగీకరించిన తరువాత కూడా మా అభిప్రాయం మారలేదు. వ్యాను చెడ్డది కాదు. వ్యానులోనే ఉండిపోవడం చెడ్డది. ఐదవ రోజు నుండి మేము పద్ధతి మార్చాము. ప్రతి ఊరిలో కూరగాయలు, రొట్టె అక్కడివారి వద్దనే కొన్నాము. రాత్రి ఆగే ముందు సమీపంలోని ఇంటివారిని అడిగి ఆగాము. ఆవకాయ జాడీని మూత తీసి ఇతరుల బల్ల మీద పెట్టాము. ఒక లాట్వియా గృహిణి కళ్లలో నీళ్లు తిరిగినా వదలక తిని, తమ పొగబెట్టిన చేపను మా పళ్లెంలో వేసినది. ఇంటిని వెంట తెచ్చుకొన్నందుకు ఫలం అప్పుడు దక్కినది. అతిథిని పిలువగలిగినప్పుడే అది ఇల్లు. లేకపోతే అది పెట్టె.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు రేపు చదువుల కొరకు, ఉద్యోగాల కొరకు దూరదేశాలకు పోతారు. అక్కడ మన భాషవారే ఉండే గదిలో దిగి, మన వంటే వండుకొని, మన సినిమాలే చూచుకొని, రెండు మూడు సంవత్సరాలు గడిపి ఒక్క స్థానికుని పేరు కూడా తెలియకుండా తిరిగి వచ్చేవారిని మేము ఎరుగుదుము. వారు విమానంలో పోయినను, నిజానికి కాంపర్ వ్యానులో పోయినవారే. భాషను, వంటను, ప్రార్థనను, పాటను వెంట తీసుకొని పొండి, తప్పు లేదు. కానీ ఓడ కదలుటకు ముందు తాళం వేసి మెట్లెక్కండి. పైన ఖాళీ కుర్చీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

దూరదేశం మాట అటుంచుదాం. ఈ సంచికనే చూడండి. ఒక అట్ట నుండి తెరిస్తే ఉర్దూ, మరియొక అట్ట నుండి తెరిస్తే తెలుగు. రెండు భాగాలు మధ్యలో కలుస్తవి గాని, ఆ మధ్య పుటను దాటి అవతలికి పోయే పాఠకులు మనలో ఎందరు? ఉర్దూ విద్యార్థి తన భాగం చదివి సంచిక మూస్తాడు, తెలుగు విద్యార్థి తన భాగం చదివి మూస్తాడు. ఒకే ఓడలో ఉండి ఎవరి వాహనంలో వారు తలుపు వేసుకొని కూర్చున్నట్లు ఉన్నది మన స్థితి. కళాశాల కార్యవర్గం వారికి మాదొక విన్నపం. వచ్చే సంవత్సరం సంచికలో ఉర్దూ భాగం నుండి రెండు రచనలు తెలుగులోనికి, తెలుగు భాగం నుండి రెండు ఉర్దూలోనికి విద్యార్థుల చేతనే అనువదింపజేసి, ఆ మధ్య పుటలలో ప్రక్కప్రక్కన అచ్చు వేయించవలె. ఇందుకు ఖర్చు నాలుగైదు పుటల కాగితం. ఐనాజీ పాఠశాల 1864లో చేయగలిగిన పని మనకు అసాధ్యం కారాదు.

సముద్రం దాటించుటకు ఓడ కావలె. మధ్య పుట దాటుటకు లేచి నాలుగు మెట్లు ఎక్కే మనసు ఉంటే చాలును.